అట్ట విమానం ఎగరాలంటే

స్టేషనరీ షాపుల్లో గోడవారగా నిలబెట్టి ఉండే తెల్లటి ఫోమ్‌బోర్డు షీట్లు చూడని వాళ్లుండరు. సౌర కుటుంబం నుంచి ఇంకుడు గుంత దాకా పిల్లలు స్కూలుకు ఏ మోడల్ పట్టుకెళ్లాలన్నా అడుగున ఆ అట్టే ఉంటుంది. ఆ అట్టనే కత్తిరించి, మడిచి, గ్లూ గన్‌తో అతికిస్తే మీటరు పొడవు రెక్కలున్న విమానం తయారవుతుంది. దానికి చిన్న మోటారు, బ్యాటరీ, తోక పలకల్ని కదిపే రెండు సర్వోలు తగిలించి రిమోట్ పట్టుకుంటే పది నిమిషాల పాటు ఊరి బయట చేల మీద తిప్పొచ్చు.

చెప్పినంత సులువుగా మొదటి విమానం ఎగరదు. చాలామంది చేసిన తొలి విమానం చేయి వదలగానే మూతి ఎత్తి, ఒక పక్కకు ఒరిగి, నేలను గుద్దుకుంటుంది. చేసినవాళ్ల అనుమానం వెంటనే మోటారు మీదికి పోతుంది. ఇంకాస్త పెద్దది వేస్తే లేచేదేమో అనిపిస్తుంది. పెద్ద మోటారు వేస్తే విమానం మరింత వేగంగా నేలను గుద్దుకుంటుంది, అంతే తేడా. ఎగరడం మూడింటి మీద ఆధారపడి ఉంటుంది: బరువు, తూకం, వంకర లేని రెక్క. ఈ మూడూ కత్తెర పట్టే దశలోనే తేలిపోతాయి. ఒక మామూలు శిక్షణ విమానాన్ని ఉదాహరణగా పెట్టుకుని ఆ లెక్కలు వరసగా చూద్దాం.

ముందు అట్టను తూచండి

ఫోమ్‌బోర్డు అంటే రెండు కాగితాల మధ్య సుమారు 5 మి.మీ. మందాన పాలీస్టైరీన్ నురుగు. థర్మాకోల్ కూడా పాలీస్టైరీనే. ఈ షీటును వంచబోతే పై కాగితం సాగాలి, కింది కాగితం నలగాలి. సాగదీస్తే కాగితం గట్టిగా ఓర్చుకుంటుంది. నొక్కితే మాత్రం ముడతపడి లొంగిపోతుంది. ఆ ముడత పడకుండా వెనక నుంచి ఆనుకుని నిలబెట్టేది నురుగు. రెండు కాగితాలనూ దూరంగా పట్టి ఉంచడమే దాని ముఖ్యమైన పని. ఆ దూరం రెట్టింపైతే షీటు బిగువు సుమారు నాలుగింతలవుతుంది, బరువు మాత్రం కొద్దిగానే పెరుగుతుంది. పెద్ద విమానాల్లో నేలకు వాడే తేనెపట్టు పలకలు పనిచేసేదీ ఈ సూత్రం మీదే.

అయితే కంటికి ఒకేలా కనిపించే షీట్లన్నీ ఒకే బరువు ఉండవు. అమెరికాలో ఒహాయో కేంద్రంగా పనిచేసే ఫ్లైట్ టెస్ట్ బృందం అట్టతో విమానాలు కట్టే పద్ధతిని బాగా ప్రచారంలోకి తెచ్చింది. వాళ్ల ప్లాన్లు చాలావరకు అక్కడి డాలర్ దుకాణాల్లో దొరికే పలచటి కాగితం బోర్డును దృష్టిలో పెట్టుకుని గీసినవి. ఆ బోర్డు 50 × 75 సెం.మీ. షీటు దాదాపు 115 గ్రాములు, అంటే చదరపు మీటరుకు 300 గ్రాముల దగ్గర తూగుతుంది. బొమ్మలకు, ఫొటో ఫ్రేములకు ఉద్దేశించిన బోర్డుకు కాగితం మందంగా ఉంటుంది, బరువు దాదాపు రెట్టింపు దాకా పోతుంది. ఇక ఫ్లెక్సీ షాపుల్లో దొరికే సన్‌బోర్డు పైకి ఇలాగే ఉన్నా అది పీవీసీ. పలచటి ఫోమ్‌బోర్డు కంటే ఏడెనిమిది రెట్లు బరువు, కాబట్టి దాని జోలికి పోకూడదు.

అందుకే కొనేటప్పుడు ఒక షీటు ఇంటికి తెచ్చి వంటింటి డిజిటల్ కాటా మీద పెట్టి చూడటం తొలి పని. బరువైనదే దొరికితే ఒక దారి ఉంది. రెక్కలోనూ బాడీలోనూ లోపలికి పోయే వైపు కాగితాన్ని ఒలిచేస్తారు. పెట్టెలా, గొట్టంలా మూసిన ఆకారంలో లోపలి కాగితం లేకపోయినా బిగువు పెద్దగా తగ్గదు. తోక పలకలకు మాత్రం రెండు కాగితాలూ ఉంచాలి. అవి మడతల్లేని ఒంటి పలకలు, కాగితం పోతే మెలితిరుగుతాయి.

ఒక విమానం లెక్క

రెక్క ఈ చివర నుంచి ఆ చివరకు 100 సెం.మీ., వెడల్పు 20 సెం.మీ. అనుకుందాం. వైశాల్యం 0.2 చదరపు మీటర్లు. రెక్క బాడీ పైన కూర్చుంటుంది. మూతి నుంచి తోక దాకా 70-75 సెం.మీ., అంటే ఒక షీటు పొడవు. అడ్డంగా ఉండే తోక పలక వైశాల్యం రెక్కలో అయిదో వంతు, 40 × 10 సెం.మీ. ఉంటే చాలు. నిలువు తోక అందులో సగం కంటే కొంచెం తక్కువ. మూడు షీట్లుంటే విమానం అయిపోతుంది, ముక్కలు కొన్ని మిగులుతాయి కూడా.

బరువు ఇలా పడుతుంది. పలచటి అట్ట సుమారు 210 గ్రాములు. మోటారు, దాని బిగింపు కలిపి 65. వేగం నియంత్రించే ఈఎస్‌సీ 25. సర్వోలు రెండు, ఒక్కోటి 9 చొప్పున 18. బ్యాటరీ 115. రిసీవరు 15. ప్రొపెల్లరు 10. గ్లూ, టేపు, తీగలు, పుల్లలు కలిపి 50. మొత్తం 500 గ్రాముల చిల్లర.

ఈ 500 గ్రాములను 0.2 చదరపు మీటర్ల రెక్క మొయ్యాలి. గాలి సాంద్రత ఘనపు మీటరుకు 1.2 కిలోలు, ఇలాంటి రెక్క ఇవ్వగల గరిష్ఠ లిఫ్ట్ (పైకి లేపే బలం) గుణకం 1 అనుకుని లెక్క కడితే, సెకనుకు 6.4 మీటర్ల వేగం వస్తుంది. గంటకు 23 కిలోమీటర్లు. అంతకంటే నెమ్మదిస్తే రెక్క చేతులెత్తేస్తుంది, విమానం జారిపోతుంది. దీన్నే స్టాల్ అంటారు.

ఇప్పుడు అదే విమానాన్ని బరువైన బోర్డుతో, ధారాళంగా గ్లూ పోసి, పెద్ద బ్యాటరీ పెట్టి 800 గ్రాములకు తెచ్చారనుకోండి. స్టాల్ వేగం గంటకు 29 కిలోమీటర్లవుతుంది. ఆరు కిలోమీటర్లే కదా అనిపిస్తుంది. కానీ దెబ్బ తీవ్రత బరువుతోనూ పెరుగుతుంది, వేగం వర్గంతోనూ పెరుగుతుంది. బరువు 1.6 రెట్లు పెరిగితే అతి తక్కువ వేగంతో దిగినా నేలకు తగిలే శక్తి 2.5 రెట్లు దాటుతుంది. తేలికపాటి విమానం గడ్డి మీద పడి దులుపుకుని లేస్తే, బరువైనది మూతి నుజ్జు చేసుకుంటుంది. దాన్ని బాగుచెయ్యడానికి ఇంకాస్త గ్లూ, ఇంకాస్త టేపు పడతాయి. బరువు మళ్లీ పెరుగుతుంది.

గ్లూ సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 11 మి.మీ. లావు, 20 సెం.మీ. పొడవున్న గ్లూ కడ్డీ ఒక్కటి 18 గ్రాముల దాకా ఉంటుంది. అంటే విమానాన్ని నడిపే రెండు సర్వోలంత. అతుకు అంచు వెంబడి సన్నటి గీతలా పోసి, వేడి తగ్గేలోపు గట్టిగా అదిమి, పక్కకు పొంగినదాన్ని అట్టముక్కతో గీకేస్తే బలం ఏమాత్రం తగ్గదు. గన్ మరీ వేడెక్కితే నురుగు కరిగి లోపల గుంత పడుతుంది. వెంటనే పట్టేస్తుంది కదా అని మామూలు సూపర్‌గ్లూ రాస్తే అది నురుగును తినేస్తుంది. కోసిన అంచుల మీద స్ప్రే పెయింటు కొట్టినా అదే జరుగుతుంది. తెల్ల ఫెవికాల్ లాంటి నీటి జిగురుతో ఆ బెడద లేదు, ఆరడానికి మాత్రం చాలా సమయం పడుతుంది.

మడతలో ఉన్న బలం

షీటుగా ఉన్నప్పుడు అట్ట వంగుతుంది. మడిస్తే వంగదు. షెడ్డు మీది రేకుకు ముడతలు వేసి బలం తెచ్చినట్టే ఇక్కడా బలం ఆకారం నుంచి వస్తుంది. అందుకే ఈ విమానాల్లో విడి ముక్కలు తక్కువ, మడతలు ఎక్కువ.

బాడీ మడత ఎలా వస్తుందో దగ్గర నుంచి చూద్దాం. స్టీలు స్కేలు పెట్టి, కొత్త బ్లేడు వేసిన కట్టర్‌తో, మడత రావాల్సిన చోట 5 మి.మీ. ఎడంతో రెండు సమాంతర గీతలు గీస్తారు. బ్లేడు పై కాగితాన్నీ నురుగునీ తెగ్గొయ్యాలి, కింది కాగితాన్ని ముట్టుకోకూడదు. చేతిలో ఆ ఒత్తిడి కుదరడానికి ముందు వృథా ముక్క మీద నాలుగైదు గీతలు గీసి చూసుకోవాలి. రెండు గీతల మధ్య ఉన్న నురుగు పట్టీని స్కేలు అంచుతో గీకి తీసేస్తే అడుగున కాగితం ఒక్కటే మిగిలి, కాలువలా కనిపిస్తుంది. పక్క గోడను లేపితే దాని అంచు ఆ కాలువలో సరిగ్గా కూర్చుంటుంది. పైకి కనిపించే కాగితం ఎక్కడా తెగదు. లోపల గ్లూ గీత పోసి, 90 డిగ్రీలకు నిలబెట్టి, మూలమట్టం ఆనించి పట్టుకుంటే చాలు. ఇలా రెండు పక్కలా లేపి, పైన మూత వేస్తే 8 సెం.మీ. చదరపు పెట్టె తయారవుతుంది. దాన్ని రెండు చేతులా పట్టి మెలితిప్పాలని చూస్తే ఆ పెట్టెకు ఎంత బలం వచ్చిందో తెలుస్తుంది.

బ్లేడు మొద్దుబారితే నురుగు కోసుకోదు, పూసలు పూసలుగా చిరుగుతుంది. అందుకే బ్లేడు కొన పోగానే విరిచెయ్యాలి. ఇక్కడ పొదుపు పనికిరాదు.

రెక్క చెయ్యడం ఇంకాస్త నేర్పున్న పని. ఒక్కో సగానికి 50 సెం.మీ. పొడవు, 42 సెం.మీ. వెడల్పు ముక్క కావాలి. సగం కింది వైపు, సగం పై వైపు. ముందంచు దగ్గర మడత గీతలు పడతాయి. కింది పలక మీద, ముందంచు నుంచి దాదాపు నాలుగో వంతు వెడల్పులో, అట్ట పట్టీలే రెండు పొరలుగా అతికించి నిలువునా దూలంలా వేస్తారు. పై పలక ఆ దూలం మీదుగా వంపు తిరిగి వెనకంచు దగ్గర కింది పలకను కలుస్తుంది. వంపు సాఫీగా రావడానికి పై పలకను ముందే బల్ల అంచు మీద వేసి నెమ్మదిగా లాగుతారు, లోపలి వైపు పలచగా గాట్లు పెడతారు. పలకను ఒకేసారి వంచితే కాగితం ఒకచోట విరిగిపోతుంది.

అతికేటప్పుడు రెక్కను పూర్తి చదునైన బల్ల మీదే ఉంచాలి. గ్లూ ఆరేలోపు ఒక చివర రెండు మి.మీ. మెలిపడినా ఆ సగం గాలిని వేరే కోణంలో కోస్తుంది. అప్పుడు రిమోట్ వదిలేసినా విమానం ఒక పక్కకే తిరుగుతూ ఉంటుంది. రెక్క పూర్తయ్యాక కంటి ఎత్తుకు పట్టుకుని వెనకంచు నుంచి ముందంచు వైపు చూస్తే మెలిక తెలిసిపోతుంది. ఉంటే వేడి గాలి తగిలించి, వ్యతిరేక దిశలో తిప్పి పట్టుకుని సరిచెయ్యొచ్చు.

రెండు సగాలను కలిపేటప్పుడు చివరలను నాలుగైదు సెం.మీ. చొప్పున పైకి లేపి అతికిస్తారు. దీన్ని డైహెడ్రల్ అంటారు. విమానం కుడికి ఒరిగితే కుడి వైపుకే జారడం మొదలుపెడుతుంది. అలా జారుతున్నప్పుడు కింద ఉన్న రెక్కకు గాలి ఎక్కువ కోణంలో తగిలి, లిఫ్ట్ ఎక్కువ పుట్టి, విమానం తనంతట తానే సమంగా లేస్తుంది. కొత్తవాళ్లకు ఇది కొండంత అండ. రెక్క వెనకంచున కదిలే ఐలరాన్ పలకలు లేకుండా, తోకలో పక్కకు తిప్పే రడ్డర్, మూతిని ఎత్తి దించే ఎలివేటర్‌లతోనే ఈ విమానం చక్కగా తిరుగుతుంది. అందుకే సర్వోలు రెండే సరిపోయాయి.

అట్ట విమానానికి విరగాల్సిన చోటు కూడా ముందే నిర్ణయించి పెట్టాలి. ఫ్లైట్ టెస్ట్ ప్లాన్లలో మోటారు ఒక చిన్న విడి పెట్టెలో ఉంటుంది. ఆ పెట్టెను బాడీలోకి దోపి, అడ్డంగా రెండు వెదురు పుల్లలు గుచ్చుతారు. మూతి నేలను గుద్దితే పుల్లలు విరిగి, పెట్టె వెనక్కి జారుతుంది. మోటారు షాఫ్టు వంగదు, బాడీ చీలదు. రెక్కను కూడా గ్లూతో అతికించకుండా రబ్బరు బ్యాండ్లతో కడతారు. చెట్టుకు తగిలితే రెక్క పక్కకు జారుతుంది గానీ విరగదు.

తూకం చుక్క

బరువు ఎంత ఉందన్న ప్రశ్న తర్వాత, ఎక్కడ ఉందన్నది మరో ప్రశ్న. విమానం మొత్తం బరువు ఒక్క చోట కేంద్రీకరించినట్టు పనిచేసే బిందువు గరిమనాభి. మోడల్ కట్టేవాళ్లు సీజీ అంటారు. ఇలాంటి విమానానికి అది రెక్క ముందంచు నుంచి వెడల్పులో 25-30 శాతం వెనక ఉండాలి. మన రెక్క వెడల్పు 20 సెం.మీ. కాబట్టి 5 నుంచి 6 సెం.మీ.

చూసే పద్ధతి తేలిక. రెక్క అడుగున రెండు వైపులా ఆ కొలత దగ్గర పెన్నుతో చుక్క పెట్టాలి. బ్యాటరీతో సహా అన్నీ బిగించాక, రెండు చూపుడువేళ్ల కొనలూ ఆ చుక్కల కింద పెట్టి విమానాన్ని లేపాలి. మూతి కొద్దిగా కిందికి వాలి నిలబడితే మంచిది. తోక వాలితే ఎగరెయ్యకూడదు. బ్యాటరీని ముందుకు జరిపి మళ్లీ చూడాలి. బ్యాటరీ ఖానాను మూతిలో పొడవుగా కట్టేది ఇందుకే. తూకం సరిచెయ్యడానికి విడిగా సీసపు ముక్కలు పెట్టడం కంటే ఉన్న బరువునే జరపడం మేలు.

మూతి బరువైతే విమానం బద్ధకంగా ఎగురుతుంది, దిగేటప్పుడు ఎలివేటర్ గట్టిగా లాగాల్సి వస్తుంది. అయినా చేతిలోనే ఉంటుంది. తోక బరువైతే చిన్న గాలి తాకిడికే మూతి లేస్తుంది, లేచినకొద్దీ ఇంకా లేవాలని చూస్తుంది, మనిషి చెయ్యి దాన్ని అందుకోలేదు. కారణం ఇది: గరిమనాభి ముందుంటే మూతి లేచినప్పుడల్లా వెనక రెక్క, తోకల మీద పెరిగే లిఫ్ట్ దాన్ని తిరిగి కిందికి దించుతుంది. గరిమనాభి వెనక్కి పోయేకొద్దీ ఆ దించే బలం తగ్గుతుంది, ఒక హద్దు దాటితే దిశే మారిపోతుంది.

తోకలో పెట్టే ప్రతి గ్రాముకూ వడ్డీ ఎక్కువ. గరిమనాభికి 50 సెం.మీ. వెనక ఒక గ్రాము పెరిగితే, 20 సెం.మీ. ముందున్న మూతిలో రెండున్నర గ్రాములు పెడితేగానీ తూకం కుదరదు. తోక అందంగా ఉండాలని 10 గ్రాముల రంగు, టేపు అంటిస్తే విమానం మొత్తానికి 35 గ్రాములు పెరుగుతాయి. అందుకే సర్వోలను తోక దగ్గర పెట్టకుండా రెక్క కిందే ఉంచి, సన్నటి స్టీలు తీగతో ఎలివేటర్‌కు, రడ్డర్‌కు లాగుతారు.

ఈ జ్ఞానం కొత్తది కాదు. 1871 ఆగస్టు 18న పారిస్‌లోని ట్యూలరీస్ తోటలో ఆల్ఫోన్స్ పెనో అనే యువకుడు చిన్న విమాన నమూనాను జనం ముందు ఎగరేశాడు. మెలితిప్పిన రబ్బరు దానికి శక్తి. 11 సెకన్లలో 40 మీటర్ల దూరం పోయింది. రిమోట్ లేదు, నడిపేవాడు లేడు. రెక్కల చివరలు పైకి లేచి ఉండటం, వెనక చిన్న తోక పలకను సరైన కోణంలో అమర్చడం వల్ల అది తనను తానే సరిచేసుకుంటూ వెళ్లింది. రైట్ సోదరులు మనిషిని మోసే యంత్రాన్ని ఎగరెయ్యడానికి 32 ఏళ్ల ముందు మాట ఇది. రబ్బరు బ్యాండుకున్న శక్తి ఏపాటిదో అందరికీ తెలుసు. పెనోను గెలిపించింది తూకం.

మోటారుకు ఎంత పని

ఇప్పుడు మోటారు సంగతి. 500 గ్రాముల విమానం సమంగా ఎగరడానికి 500 గ్రాముల తోపుడు అక్కర్లేదు. బరువు మోసేది రెక్క. మోటారు గాలి నిరోధాన్ని మాత్రమే తట్టుకోవాలి. ఇలాంటి అట్ట విమానాల్లో ఆ నిరోధం బరువులో అయిదో వంతు నుంచి ఎనిమిదో వంతు దాకా ఉంటుంది, అంటే 60-100 గ్రాములు. మిగిలిన శక్తి పైకెక్కడానికీ, గాలి ఎదురైనప్పుడు నెగ్గుకు రావడానికీ.

మార్కెట్లో సులువుగా దొరికే 2212 సైజు, 1000 కేవీ బ్రష్‌లెస్ మోటారు ఇందుకు చాలినంత. కేవీ అంటే ఒక వోల్టుకు నిమిషానికి ఎన్ని చుట్లు అన్న లెక్క. మూడు సెల్లుల లిథియం పాలిమర్ బ్యాటరీ 11.1 వోల్టులిస్తుంది కాబట్టి బరువేమీ లేకుండా తిరిగితే నిమిషానికి సుమారు 11 వేల చుట్లు. దానికి 9 లేదా 10 అంగుళాల ప్రొపెల్లరు సరిపోతుంది. ప్రొపెల్లరు మీద 10 × 4.5 అని రాసి ఉంటే 10 అంగుళాల వ్యాసం, ఒక చుట్టుకు 4.5 అంగుళాలు ముందుకు తొలుచుకుపోయే వాలు అని అర్థం. అదే సైజులో 2200 కేవీ మోటారు కూడా దొరుకుతుంది. దానికీ 10 అంగుళాల ప్రొపెల్లరే బిగిస్తే మోటారు, ఈఎస్‌సీ మాడిపోతాయి. వేగంగా తిరిగే మోటారుకు ప్రొపెల్లరు చిన్నది, 6 అంగుళాల దగ్గర ఉండాలి.

మోటారును తిన్నగా కాకుండా రెండు మూడు డిగ్రీలు కిందికి, కొంచెం కుడికి వంచి బిగిస్తారు. లేకపోతే మోటారు వేగాన్ని (థ్రాటిల్) పెంచినప్పుడల్లా మూతి పైకి లేస్తుంది, విమానం ఎడమకు లాగుతుంది.

1300 మిల్లీయాంప్-అవర్ బ్యాటరీని సగటున 5 యాంపియర్లతో వాడితే, అయిదో వంతు మిగిల్చి దిగినా 12 నిమిషాలొస్తాయి. కొత్తవాళ్లు థ్రాటిల్ ఎక్కువ వాడతారు కాబట్టి ఆరు నిమిషాలకే అలారం పెట్టుకోవడం మంచిది. ఈ బ్యాటరీలతో చెలగాటం వద్దు. సెల్లు 4.2 వోల్టులు దాటి ఎక్కకూడదు, బాగా దిగజారేదాకా వాడకూడదు, దాచేటప్పుడు 3.8 దగ్గర ఉంచాలి. బ్యాలెన్స్ చార్జర్‌తో, మనిషి పక్కనుండగానే చార్జ్ చెయ్యాలి. ఉబ్బినదాన్ని, కూలినప్పుడు నొక్కుపడినదాన్ని మళ్లీ వాడకూడదు. అది అంటుకుంటే మంట తీవ్రంగా ఉంటుంది.

డబ్బు ఎక్కడ పెట్టాలన్నదీ ఇక్కడే తేలుతుంది. ఖర్చులో పెద్ద వాటా రిమోట్, చార్జర్, బ్యాటరీలది. అవి ఒక విమానం నుంచి మరో విమానానికి మారతాయి. అట్ట ఖర్చు వాటిముందు లెక్కలోకి రాదు. కాబట్టి మంచి రిమోట్ తీసుకుని, అట్టలు ఎన్ని పాడైనా బెంగపడకుండా ఉండటమే పొదుపు.

మైదానంలో

ఇంట్లో పరీక్షలన్నీ ప్రొపెల్లరు విప్పి చెయ్యాలి. తిరిగే ప్రొపెల్లరు వేలును తెగ్గొయ్యగలదు. విమానం వెనక నిలబడి, ఎలివేటర్ స్టిక్‌ను మీ వైపు లాగితే ఎలివేటర్ వెనకంచు పైకి లేవాలి. రడ్డర్ స్టిక్ కుడికి తోస్తే రడ్డర్ వెనకంచు కుడికి తిరగాలి. తలకిందులుగా తిరిగితే రిమోట్‌లోనే రివర్స్ చెయ్యొచ్చు. రిమోట్ ఆపేస్తే మోటారు ఆగిపోయేలా ఫెయిల్‌సేఫ్ పెట్టుకోవాలి. రడ్డర్‌ను కుడి స్టిక్ మీదికి తెచ్చుకుంటే తర్వాత ఐలరాన్ విమానానికి మారినప్పుడు అలవాటు చెడదు.

గాలి లేని తెల్లవారుజాము మంచిది. మంచు తడి మాత్రం అట్టకు శత్రువు. కాగితం నాని పొరలు విడిపోతాయి కాబట్టి అడుగున ప్యాకింగ్ టేపు వేస్తారు. మొదట మోటారు ఆపి, ఏపుగా పెరిగిన గడ్డి మీద, గాలికి ఎదురుగా, భుజం ఎత్తు నుంచి సమంగా విసరాలి. పైకి కాకుండా తిన్నగా, బల్లెం విసిరినట్టు. మూతి లేచి, ఆగి, పడిపోతే తూకం వెనక ఉంది. తల దించుకుని నేలకు పోతే మూతి బరువు, లేదా ఎలివేటర్ కాస్త పైకి ఉండాలి. సాఫీగా జారుతూ పోయి కడుపు మీద దిగితే విమానం సిద్ధం.

మోటారుతో ఎగరేసినప్పుడు 30 మీటర్ల ఎత్తు చేరేదాకా మలుపులు తిప్పకూడదు. ఎత్తే కొత్తవాడికి భద్రత. అక్కడ పొరపాటు దిద్దుకోవడానికి సమయం ఉంటుంది. విమానం మన వైపు వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి, ఎక్కువ విమానాలు కూలేది అక్కడే. అప్పుడు ఏ రెక్క కిందికి ఒరిగిందో, స్టిక్‌ను ఆ రెక్క వైపే తోస్తే అది లేస్తుంది. ఈ ఒక్క చిట్కా కంప్యూటర్ సిమ్యులేటర్లో చేతికి పట్టేదాకా సాధన చేస్తే చాలా అట్ట మిగులుతుంది.

చోటు విషయంలో చట్టం ఉంది. 2021 డ్రోన్ నిబంధనలు చదువుకో, వినోదానికో, కంటికి కనిపించే దూరంలో ఎగరేసే 25 కిలోల లోపు వాటిని మోడల్ రిమోట్ విమానాలుగా గుర్తిస్తాయి. ఎక్కడ ఎగరెయ్యొచ్చో డిజిటల్ స్కై అనే ప్రభుత్వ వెబ్‌సైటు పటంలో ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలాలుగా చూపిస్తారు. హైదరాబాదులోనూ చుట్టుపక్కలా దుండిగల్, హకీంపేట, బేగంపేట వైమానిక స్థావరాలు, విశాఖలో నౌకాదళ స్థావరం ఐఎన్ఎస్ డేగా ఉన్నాయి కాబట్టి ఈ నగరాల్లో ఖాళీ మైదానం కనిపించినంత మాత్రాన ఎగరెయ్యకూడదు. ముందు పటం చూసుకోవాలి. కరెంటు తీగలు, రోడ్లు, మనుషుల తలలు ఎక్కడైనా నిషిద్ధమే. కాలేజీ పిల్లలకు మరో దారి కూడా ఉంది. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ శిక్షణలో ఏరోమోడలింగ్ ఒక భాగం, వాయు సైనిక్ క్యాంపుల్లో దాని మీద పోటీలు జరుగుతాయి. అనుభవమున్న చెయ్యి పక్కనుంటే తొలి విమానం చాలాకాలం బతుకుతుంది.

కూలాక అడగాల్సినవి

కూలడం ఈ విద్యలో మామూలే. విరిగిన చోట గ్లూ వేసి, అట్టముక్క అద్ది, ఆ సాయంత్రానికే మళ్లీ సిద్ధం చెయ్యొచ్చు. అయితే బాగుచేసే ముందు నాలుగు ప్రశ్నలు ఈ వరసలోనే వేసుకోవాలి. మొత్తం బరువు ఎంత? చుక్కల మీద వేళ్లు పెడితే ఎటు వాలింది? రెక్క మెలిపడిందా, తోక బాడీకి వంకరగా అతికిందా? ఎలివేటర్, రడ్డర్ సరైన దిశలో, సరిపడా కదులుతున్నాయా? వీటికి కావలసినవి వంటింటి కాటా, స్కేలు, రెండు వేళ్లు. నాలుగింటికీ జవాబు సరిగ్గా వచ్చాక కూడా విమానం ఎగరడానికి మొరాయిస్తే, అప్పుడు మోటారు మార్చే సంగతి ఆలోచించొచ్చు. చాలామందికి ఆ అవసరం రాదు.